ఒంటిచేతి స్లైస్

"మళ్ళీ చూడు," అన్నాడు ప్రేమ్ కుమార్, ఫోను భార్య ముందుకు తోసి.

సెలీనా అప్పటికే మూడుసార్లు చూసింది. ఆస్పత్రిలో పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి, నర్సు బట్టలైనా మార్చుకోకుండా డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని, మొగుడు చూడమన్నప్పుడల్లా చూస్తూనే ఉంది. నాలుగోసారి చూస్తే కొత్తగా ఏం కనిపిస్తుంది? ఫోనులో వాళ్ళమ్మాయి జాయ్స్ టెన్నిస్ ఆడుతోంది. ఎడమవైపు వచ్చిన ప్రతి బంతినీ కుడి చేత్తోనే, పైనుంచి కిందికి కోసినట్టు కొడుతోంది. బంతి తగిలేసరికి ఎడమ చెయ్యి రాకెట్ మీద ఉండట్లేదు.

"ఎడమ చెయ్యి ఏది?" అన్నాడు ప్రేమ్. "ఏడేళ్ళు సెలీనా. తొమ్మిదో ఏట నుంచి రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్. దీని వయసు పిల్లల్లో ఇంత గట్టి బ్యాక్‌హ్యాండ్ ఇంకొకరికి లేదని అకాడమీ కోచ్ రవీందర్ తన నోటితో తనే అన్నాడు. ఇప్పుడు ఆయనే ఈ వీడియో పంపి, 'మూడు వారాలుగా ఇదొక్కటే కొడుతోంది సార్, చెప్తే వినట్లేదు, మీకు తెలిసే జరుగుతోందా' అని అడుగుతున్నాడు. సోమవారం నుంచి రాష్ట్ర పోటీలు. నేనేం చెప్పాలి ఆయనకి?"

ఎదురుగా కూర్చున్న జాయ్స్ ఎడమ మణికట్టు మీది నల్లటి బ్యాండును కుడి చేత్తో కప్పుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. పదహారేళ్ళ పిల్ల, తండ్రి ఎత్తుకి ఎదిగింది, దాచుకోవడం మాత్రం ఇంకా చేతకాలేదు. అది సెలీనా చూసింది. ప్రేమ్ మాత్రం చూడలేదు.

సోఫాలో ప్రేమ్ తల్లి సారమ్మ ఒళ్ళో బైబిలు పెట్టుకుని చదువుతోంది. చదువుతోందని అనుకోవాలి. పావుగంట నుంచి పేజీ తిరగలేదు.

ఆ ఇంట్లో నలుగురున్నారు. జాయ్స్ మణికట్టు నొప్పి దేవుడి దయవల్ల పూర్తిగా తగ్గిపోయిందని నమ్మినవాళ్ళు ఇద్దరు, కొడుకూ తల్లీ. తగ్గలేదని తెలిసినవాళ్ళు ఇద్దరు, తల్లీ కూతురూ. నమ్మినవాళ్ళు నమ్మి ఊరుకున్నా బాగుండేది. మూడు వారాల కిందట ఆదివారం ఆరాధనలో ప్రేమ్ కుమార్ మైకు అందుకుని, మూడు వందల మంది ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. మేలు జరిగితే సంఘం ముందు నిలబడి చెప్పుకోవడం వాళ్ళకి తాతల నాటి అలవాటు. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం మాత్రం ఎవరూ ఎరగరు.

అంతకు ముందు సంగతి ఇంతే. మణికట్టులో లిగమెంటు చిరిగిందని స్కానులో తేలింది. ఆరు వారాలు ఎడమ చేత్తో రాకెట్ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కోత తప్పదన్నాడు డాక్టరు. ఆ రోజే సారమ్మ ఉపవాసం పట్టింది. మనవరాలి చెయ్యి బాగయ్యేదాకా పగలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనంది. షుగరు మనిషి. తొమ్మిదో రోజు వంటింట్లో కళ్ళు తిరిగి పడింది. సాయంత్రం చర్చి పాస్టరు శామ్యూల్ అయ్యగారు వచ్చి, నూనె రాసి ప్రార్థన చేసి, "డాక్టరు మాట కూడా వినండమ్మా" అని మరీ చెప్పి వెళ్ళాడు. ఆయన లిఫ్టు దాకా వెళ్ళాడో లేదో, జాయ్స్ మణికట్టు గుండ్రంగా తిప్పి చూపించింది. "నొప్పి పోయింది నాన్నమ్మా. ఇంక తిను," అంది.

సారమ్మ ఏడుస్తూ తింది. తెల్లారి ఆదివారం. కొడుకు సాక్ష్యం చెప్పాడు. సోమవారం పిల్ల మళ్ళీ అకాడమీకి వెళ్ళింది. రెండో స్కాను ఎందుకు, నమ్మకం లేనట్టు, అన్నాడు ప్రేమ్.

సెలీనాకి అసలు సంగతి ఎప్పుడు తెలిసిందన్నది మాత్రం ఆమె తనలో తను కూడా తలుచుకోవడానికి ఇష్టపడదు.

"ఎవరు నేర్పారు ఇది?" అన్నాడు ప్రేమ్ కూతురితో.

"పెంటయ్య తాత."

"ఎవరు?"

"మన కోర్టు మార్కర్ డాడీ."

ప్రేమ్ నవ్వాడు. తిట్టినా బాగుండేది. "పొద్దున్నే మన ఫ్లాట్ల అంకుల్సుకి బంతులు వేసి చెమట పట్టించే పెంటయ్యా? ఊళ్ళో ఇన్ని అకాడమీలుండగా, నీకు ఖాజాగూడ పెంటయ్య గురువయ్యాడా?"

"తాత బాగా ఆడతాడు."

"అరవై ఏళ్ళ మనిషి కాళ్ళు కదలక అలాగే ఆడతాడు. నీకేం వచ్చింది?"

"వెరైటీ కోసం నేర్చుకున్నా," అంది జాయ్స్. "అందరూ రెండు చేతులతో గట్టిగా కొడతారు. స్లైస్ కొడితే బంతి లేవదు. నేల మీద జారుతుంది. అవతలివాళ్ళు వంగాలి. వంగడం ఎవరికీ ఇష్టం ఉండదు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతికినట్టే ఉంది, ఎందుకంటే సగం నిజమే.

సారమ్మ కళ్ళజోడు తీసింది. "దేవుడు బాగుచేసిన చెయ్యి అమ్మా అది," అంది మెల్లగా. "దాన్ని పక్కన పెట్టేసి ఆడితే ఆయనకి ఎట్లా ఉంటుంది చెప్పు?"

సెలీనా లేచింది. "టీ పెడతాను."

"కూర్చో," అన్నాడు ప్రేమ్.

కూర్చుంది. తేలు కుట్టిన దొంగ అరవగలడా?

ప్రేమ్ కుమార్ చెడ్డవాడు కాదు. ఆఫీసులో అరవై మందిని నడిపించే మనిషి, ఇంట్లో వాళ్ళని కూడా అలాగే నడిపిస్తాడు, అంతే. కానీ ఆ సాక్ష్యం రోజున అతను మైకు ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. సొంత తండ్రి పోయినప్పుడు కూడా అతని కంట నీరు చూడలేదు సెలీనా. ఆ రోజు నుంచి మనిషి కొత్తగా ఉన్నాడు, పొద్దున్నే తల్లి పక్కన మోకరిస్తున్నాడు. ఇంట్లో ఎవరైనా ఆ చెయ్యి గురించి అడిగితే మొహం వెలిగిపోతోంది. అందుకే ఈ వీడియో అతనికి ఒట్టి ఆట సంగతిలా కనిపించలేదు.

"రేపు పొద్దున ఆరింటికి కిందికి వెళ్తున్నాం," అన్నాడు. "బంతులు నేనే వేస్తా. రెండు చేతులతో ఇరవై బ్యాక్‌హ్యాండ్లు కొట్టు. కొట్టావంటే సోమవారం నీ ఇష్టమొచ్చినట్టు ఆడుకో. లేదంటే ఆ పెంటయ్య మళ్ళీ మన గేటులో అడుగు పెట్టడు. అసోసియేషన్ వాళ్ళతో నేను మాట్లాడతా. నలభై ఏళ్ళ అనుభవమో నాలుగేళ్ళ అనుభవమో, పిల్లల ఆట పాడు చేసేవాడు మనకొద్దు."

"తాత తప్పేం లేదు డాడీ."

"అయితే కొట్టు."

"సరే," అంది జాయ్స్.



*

జాయ్స్ గది తలుపు దగ్గరగా వేసి, సెలీనా మంచం అంచున కూర్చుంది. కిటికీలోంచి అవతలి టవర్ల అద్దాల మీద సాయంత్రపు ఎండ కొడుతోంది.

"మీ డాడీకి చెప్పేస్తాను," అంది.

"వద్దు మమ్మీ."

"ఇరవై కొడితే ఏమవుతుందో తెలుసా నీకు? ఆ స్కాను దగ్గరుండి తీయించింది నేను."

"కట్టు గట్టిగా కట్టు. ఇరవయ్యే కదా."

"ఇరవయ్యే కదా అంట. ఇన్నాళ్ళూ నువ్వు ఒక్కటీ కొట్టలేదు కాబట్టి ఈమాత్రం ఉంది."

జాయ్స్ గోడకి ఆనుకుని మోకాళ్ళు దగ్గరకి లాక్కుంది. "ఇప్పుడు చెప్తే ఏమవుతుందో నీకూ తెలుసు. డాడీ అంతమంది ముందు అబద్ధం చెప్పినట్టవుతుంది. మైకులో చెప్పింది ఆయనైనా, అబద్ధమాడింది నేను కదా. నాన్నమ్మ మళ్ళీ తినడం మానేస్తుంది. ఈసారి పడితే లేస్తుందా? నువ్వే చెప్పావు, షుగర్ డౌనైతే ప్రమాదమని."

సెలీనా కూతురి ఎడమ చెయ్యి మెల్లగా తన ఒళ్ళోకి తీసుకుంది.

"మూడు వారాలు ఎలా గడిపావే," అంది.

"మొదటి రెండు రోజులు అకాడమీలో ఎడమవైపు బంతి వస్తే, పరిగెత్తి అటు తిరిగి ఫోర్‌హ్యాండ్ కొట్టా. ఊపిరాడలేదు. అప్పుడే కింద తాతని అడిగా." పిల్ల మొహంలో ఏదో మారింది. "నవ్వకూడదు మమ్మీ. మొదటి వారమంతా నేను కొట్టిన ప్రతి బంతీ గాల్లోకి లేచి ఎక్కడో పడేది. తాత అన్నాడూ, 'చేపను నరుకుతున్నవా బిడ్డా, పొలుసు గీకుతున్నవా? నరకకు. గీకు' అన్నాడు. సుత్తి పట్టుకున్నట్టు పట్టుకోవాలంట పిడిని. భుజం బాగా తిప్పాలి, నా వీపు అవతలివాళ్ళకి కనపడేంత. ఎడమ చెయ్యి రాకెట్ మెడ దగ్గర ఊరికే ఆనించి ఉంచాలి. బరువు మొయ్యదు. కుడి చెయ్యి ముందుకి పోగానే ఎడమ చెయ్యి వదిలేసి వెనక్కి పోవాలి. దానికసలు నొప్పే తెలీదు."

"రాకెట్ పైనుంచి దిగుతుంది కానీ కిందికి కాదు, ముందుకి," అని చేత్తో గాల్లో చూపించింది. "అదే రాదు. పది రోజులు రాలేదు. ఒకరోజు వచ్చింది. నెట్ మీద నుంచి నాలుగు వేళ్ళ ఎత్తులో వెళ్ళి, అవతల పడి, లేవలేదు మమ్మీ. పాకింది. తాత మెచ్చుకుంటాడేమోనని చూశా. ఏమీ అనలేదు. ఇంకో బంతి వేశాడు."

అది చెబుతున్నంతసేపూ పిల్ల నొప్పిని మరిచిపోయింది. ఇన్నాళ్ళూ కూతురు ఒక అబద్ధాన్ని దాచడానికే అవస్థ పడుతోందనుకుంది సెలీనా. ఆ అవస్థలోంచే దానికి సొంతంగా ఒక సంతోషం దొరికిందని ఇప్పుడు తెలిసింది.

"దాచుకోవడానికే నేర్చుకున్నా," అంది జాయ్స్. "ఇప్పుడు మాత్రం నాకది ఇష్టం. రవీందర్ సార్ నేర్పిందంతా సార్‌ది. ఇదొక్కటే నాది. తాతని పంపించేస్తే ఊరుకోలేను. ఇరవై కొట్టేస్తా. కట్టు మమ్మీ, పొద్దున గట్టిగా కట్టు."

వద్దని చెప్పాల్సింది. అటు మొగుడి మాట, ఇటు కూతురి చెయ్యి, మధ్యలో అత్తగారి ప్రాణం. అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కున్న మనిషి వద్దని ఎవరికి చెబుతుంది? తెల్లవారి అయిదున్నరకి సెలీనా ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న టేపు తీసి, వాపు వచ్చిన మణికట్టు చుట్టూ మూడు పొరలు చుట్టి, పైన నల్లటి బ్యాండు తొడిగింది. ఎంతోమంది పిల్లలకి కట్లు కట్టిన చేతులవి. పరుగెత్తవద్దని చెప్పి కట్టేవి. ఇవాళ కట్టి మరీ ఆడమని పంపుతున్నాయి.

*

తెల్లవారుజామున వాన పడింది. కోర్టు మీద నీళ్ళు నిలిచాయి. పెంటయ్య రబ్బరు పట్టీ ఉన్న కర్రతో నీళ్ళని ఒక అంచుకి నెడుతున్నాడు. ఈ కోర్టు ఉన్నచోట తన మేనమామ జొన్న వేసేవాడని ఒకసారి జాయ్స్‌తో అన్నాడట. ఆ జొన్న చేను పోయి ఈ టవర్లు వచ్చాయి, పెంటయ్య మాత్రం అదే నేల మీద మిగిలాడు.

"నమస్తే సార్," అన్నాడు. "జర పది నిమిషాలు ఆగుండ్రి. జారుతది."

"మా అమ్మాయికి నువ్వు నేర్పావంట కదా," అన్నాడు ప్రేమ్.

"అడిగింది. చెప్పిన."

"ఎవర్ని అడిగి చెప్పావు?"

పెంటయ్య కర్రని ఫెన్సింగుకి ఆనించాడు. కోపం లేదు, భయమూ లేదు. "ఎడమ చెయ్యి పనిలేకుండ బ్యాక్‌హ్యాండు ఎట్ల కొట్టాలె తాతా అని అడిగింది సార్. చిన్న పోరగాండ్లు గసుంటి మాట అడగరు. ఎందుకు బిడ్డా అని నేను అడగలే. ఇంట్లోళ్ళకు ఎర్కే ఉంటదనుకున్న." ఆ మాటంటూ సెలీనా వైపు చూశాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం ఆ ముసలాయన. సెలీనా చూపు తిప్పుకుంది.

"ఎడమ చెయ్యి పనిలేకుండా ఏంటి?" అన్నాడు ప్రేమ్.

"డాడీ, మొదలుపెట్టు," అంది జాయ్స్ గబగబా. "మళ్ళీ వాన వచ్చేలా ఉంది."

ప్రేమ్ బంతుల బుట్ట పట్టుకుని నెట్ అవతలికి వెళ్ళాడు. వారానికి రెండు రోజులు తనూ ఆడతాడు కాబట్టి బంతి వేయడం వచ్చు.

మొదటిది వేశాడు. జాయ్స్ రెండు చేతులతో కొట్టింది. కోర్టంతా మోగింది. రెండోది, మూడోది, నాలుగోది అదే మోత. ప్రేమ్ మొహం విచ్చుకుంది. "ఇదీ," అన్నాడు. "ఇదీ నా కూతురి బ్యాక్‌హ్యాండ్ అంటే. చూశావా సెలీనా?"

చూస్తోంది. ఆరో బంతికి పిల్ల పెదవి లోపలికి పోయింది. ఎనిమిదో బంతికి మెడ మీద నరం లేచింది. తొమ్మిదోది నెట్‌కి తగిలింది.

పదో బంతికి జాయ్స్ ఎడమ చెయ్యి దానంతట అదే రాకెట్ వదిలేసింది. భుజం తిరిగింది, రాకెట్ ముందుకి గీసింది, బంతి నెట్ పైనుంచి తక్కువ ఎత్తులో వెళ్ళి తండ్రి కాళ్ళ ముందు పడి జారిపోయింది. ప్రేమ్ వంగాడు, అందలేదు. అతని రాకెట్ తడినేలకి తగిలి చప్పుడైంది.

"ఆఁ," అన్నాడు పెంటయ్య తనలో తను.

"రెండు చేతులు," అన్నాడు ప్రేమ్. "అది లెక్కలోకి రాదు."

తర్వాతది రెండు చేతులతో కొట్టింది. ఆ పైది కూడా. ఆ పైదానికి రాకెట్ చేతిలోంచి జారి కింద పడింది.

"చెమట డాడీ," అని కుడి చేత్తో వంగి తీసుకుంది.

ఏం నొప్పి లేదు సిస్టర్ అని చెబుతూ మంచం ఊచ పిసికే మొహాలు సెలీనా ఇరవై ఏళ్ళుగా చూస్తోంది. ఇంట్లో మొహాన్ని మాత్రం మూడు వారాలు చూసీ చూడనట్టు తిరిగింది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కోర్టులోకి నడిచి, కూతురికీ నెట్‌కీ మధ్య నిలబడింది.

"ఇంక వెయ్యకండి."

"ఇంకా ఎనిమిది ఉన్నాయి."

"వెయ్యకండి అంటున్నాను. తగ్గలేదు."

"ఏది తగ్గలేదు?"

"చెయ్యి. చెయ్యి తగ్గలేదండి. ఒక్కరోజు కూడా తగ్గలేదు."

ప్రేమ్ చేతిలో బంతి అలాగే ఉండిపోయింది. భార్యని చూశాడు, కూతుర్ని చూశాడు. "తగ్గిందని అదే కదా చెప్పింది," అన్నాడు.

"నాన్నమ్మ పడిపోయింది డాడీ," అంది జాయ్స్. "తొమ్మిది రోజులు పగలు ఏమీ తినలేదు. నొప్పి పోయిందంటే తింటుందని చెప్పా. తింది. నువ్వు చర్చిలో చెప్తావని నాకు తెలీదు. తెల్లారేసరికి నువ్వు మైకు ముందు ఉన్నావు."

ప్రేమ్ వచ్చి తడిసిన బెంచీ మీద కూర్చున్నాడు. పెంటయ్య బుట్ట తీసుకుని, కోర్టు అవతలి మూలకి పోయి, వాళ్ళకి వీపు పెట్టి ఒక్కో బంతీ ఏరడం మొదలుపెట్టాడు. ఏరడానికి అంతసేపు పట్టేన్ని బంతులు అక్కడ లేవు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు ప్రేమ్, భార్య మొహం చూడకుండా.

వారం కిందట అని చెప్పవచ్చు. నిన్న అని చెప్పవచ్చు. ఆ రెండు అబద్ధాలూ నాలుక చివరిదాకా వచ్చాయి.

"ఆ శనివారమే," అంది సెలీనా. "పడుకోబోయే ముందు దాని చెయ్యి నొక్కి చూశాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

"నేను నిలబడ్డది ఆదివారం."

"అవును."

"నువ్వు ముందు వరుసలో ఉన్నావు. నా పక్కనే."

"అవును."

"చొక్కా పట్టుకుని లాగితే కూర్చునేవాణ్ణి కదా సెలీనా."

"లాగుదామనే అనుకున్నాను," అంది. "మీ మొహం చూశాను. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మీ మొహం అలా ఎప్పుడూ చూడలేదు. చెయ్యి రాలేదు నాకు. తర్వాత... తర్వాత ఒక పిచ్చి ఆశ పుట్టింది. మీరు చెప్పడం పూర్తయ్యేలోపు నిజంగానే తగ్గుతుందేమో అనుకున్నాను. నర్సునే. అయినా అనుకున్నాను."

అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది. అతను మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. జాయ్స్ వచ్చి తండ్రి పక్కన, కొంచెం ఎడంగా కూర్చుంది.

"వచ్చే ఆదివారం నేనే లేచి చెప్తాను," అంది సెలీనా. "తప్పు నాది. మీరు తెలియక చెప్పారు. అయ్యగారు అర్థం చేసుకుంటారు. నవ్వేవాళ్ళు నవ్వుతారు. రెండు నెలలు తలెత్తుకోలేం. అంతకన్నా ఏమవుతుంది?"

"కృపానందం మాస్టారు," అన్నాడు ప్రేమ్.

ఆయన మాట ఇప్పుడెందుకో సెలీనాకి అర్థం కాలేదు. కృపానందం మాస్టారు మూసాపేటలో ఉంటాడు, వీళ్ళ సంఘానికే వస్తాడు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ప్రేమ్ ఉద్యోగం వెతుక్కుంటూ ఈ నగరానికి వచ్చిన కొత్తలో, ఆర్నెల్లు ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. ఈ వేసవి నుంచి గుండె జబ్బుతో తీసుకుంటున్నాడు.

"ఆయనకేమైంది?"

"పోయిన బుధవారం ఫోన్ చేశారు." ప్రేమ్ మాటలు ఒక్కొక్కటే కూడదీసుకున్నాడు. "నీకు చెప్పలేదు. ఆస్పత్రి మనిషివి, ఒప్పుకోవని చెప్పలేదు. బైపాస్‌కి రమ్మని తారీఖు ఇచ్చారంట. వద్దనుకున్నాను నాయనా అన్నారు. నీ బిడ్డ చేతిని ముట్టి బాగుచేసినవాడు నా గుండెని ముట్టలేడా అన్నారు. నీ సాక్ష్యం విన్నాకే నాకు ధైర్యం వచ్చింది అన్నారు."

"మీరేమన్నారు?"

ప్రేమ్ తలెత్తాడు. ఆ కళ్ళు చూసి సెలీనాకి భయం వేసింది.

"ఆమెన్ అన్నాను," అన్నాడు.

మూలన పెంటయ్య బంతులు ఏరడం ఆపాడు.

"ఆపరేషన్ తారీఖు ఎప్పుడు?" అంది సెలీనా. గొంతు దానంతట అదే వార్డు గొంతు అయిపోయింది.

"నిన్న."

"మందులు వేసుకుంటున్నారా?"

"తెలీదు. అవి కూడా..." అని ఆగిపోయాడు.

"మీరు అడగలేదు."

"అడగలేదు."

అతని మీద కోపం కొండంత వచ్చింది. వచ్చి నిలవలేదు, ఎందుకంటే ఆ ఆదివారం చొక్కా లాగని చెయ్యి తనదే. ఇద్దరూ ఒకరికొకరు చెప్పకుండా దాచుకున్న రెండు మాటల మధ్య ఒక ముసలి మనిషి ఒంటరిగా మూసాపేటలో మెట్లెక్కి దిగుతున్నాడు. సెలీనా ఫోను తీసి నంబరు వెతికింది.

"ఏమని చెప్తావు ఆయనకి?" అన్నాడు ప్రేమ్. "నమ్ముకున్నది అబద్ధం అని ఎలా చెప్తావు?"

"నేను కాదు, మీరు చెప్పాలి. మీ మాట విని ఆగారు."

"నా వల్ల కాదు సెలీనా."

జాయ్స్ లేచి తల్లి చేతిలోంచి ఫోను తీసుకుంది. "మొదట చెప్పింది నేను," అంది. "నేనే చెప్తా."

వద్దని తల్లీ అనలేదు, తండ్రీ అనలేదు. పెద్దవాళ్ళు ఇద్దరుండి పదహారేళ్ళ పిల్ల చేత ఆ ఫోను చేయించారు. తర్వాత ఎన్నాళ్ళు సిగ్గుపడినా అది మాసిపోయేది కాదు.

స్పీకరు మీద రింగు మోగుతూనే ఉంది. అయిదుసార్లు, ఆరుసార్లు. ఏడో రింగుకి ఎత్తాడు.

"వందనాలు తాతయ్యా. నేను జాయ్స్‌ని."

"జాయ్స్‌వా తల్లీ." గొంతులో సంతోషం పొంగింది. ఆ వెంటనే ఆగాడు. మాటకీ మాటకీ మధ్య గాలి అందక ఆగుతున్నాడు, ఆ ఆగడాలని సెలీనా లెక్కపెడుతోంది. "నీకు నూరేళ్ళమ్మా. ఇప్పుడే... మోకాళ్ళ మీద నుంచి లేచాను. రోజూ పొద్దున్నే నీ చేతి సంగతి తలుచుకునే... లేస్తున్నాను. ఇంకేమీ అక్కర్లేదు నాకు... అదొక్కటి తలుచుకుంటే చాలు."

జాయ్స్ ఫోను మీంచి తలెత్తి తల్లినీ తండ్రినీ చూసింది.

"వింటున్నావా తల్లీ?" అన్నాడు కృపానందం మాస్టారు. "చెయ్యి ఎలా ఉందమ్మా?"